ఏడుపు గది

ఆ ఇంట్లో బడికి గంట లేదు, కోటుంది. వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే బూడిదరంగు పొడుగు కోటు. పొద్దున్నే గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, ఆమె ఆ కోటు తొడుక్కుని పై గుండీ పెట్టుకుందంటే బడి మొదలైనట్టు. భోజనాల వేళకు గుండీ విప్పి కోటును మేకుకు తగిలించిందంటే బడి వదిలినట్టు. ఈ రెంటి మధ్యా ఆ ఇంట్లో అమ్మ ఉండదు, టీచరు ఉంటుంది. అమ్మతో పనున్నవాళ్లు కోటు దిగేదాకా ఆగాల్సిందే.

మూడంతస్తుల ఆ మేడలో అందరూ ఆమెను "ఇంటి టీచరు" అనేవారు, ఎదురుగా గౌరవంగా, వెనక కాస్త వెటకారంగా. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించే తల్లి అంటే లోకానికి అనుమానమే కదా. "ఏమ్మా, పంపలేకా, పంపడం ఇష్టంలేకా?" అని కింది వాటా ఆవిడ ఒకసారి మెట్ల మీద ఆపి మరీ అడిగింది. "పంపితే మీకు ఈ మెట్ల మీద కబుర్లకి ఏముంటుంది చెప్పండి పిన్నిగారూ?" అనేసి, కూరగాయల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని పైకి వచ్చేసింది. అప్పట్లో ఆమెకు నోరు బాగానే ఉండేది.

నిజానికి ఆమె అసలు సిసలు బడి టీచరే. పెద్దపిల్లలకు లెక్కలు చెప్పేది. కొడుకూ అదే బడిలో చదివేవాడు. రోజూ గేటు పక్కన గోడ దగ్గర వాంతి చేసుకుని, జేబురుమాలుతో మూతి తుడుచుకుని లోపలికి వెళ్లేవాడు. అదేదో పళ్లు తోముకున్నంత మామూలు పనిలా చేసేవాడు. అది చూసి ఒకరోజు ఆమె వాడి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరే వెనక్కి తిరిగింది. ఒంటిమీద బడివాళ్లిచ్చిన కోటు అలాగే ఉంది. తిరిగి ఇవ్వమని వాళ్లూ అడగలేదు, ఈవిడా ఇవ్వలేదు. ఆ కోటే ఈ కోటు.

ఆ కొడుక్కి ఇప్పుడు పదేళ్లు. ఇంట్లో వాణ్ని లాయరు అంటారు. ప్రతిదానికీ "అలా అయితే మరి" అని మొదలుపెడతాడు కాబట్టి. చెల్లెలికి ఆరేళ్లు. నిలబడ్డచోట నిలవదు, నోరు మూతపడదు, గుప్పెడు గింజలతో కడుపు నిండిపోతుంది కాబట్టి అది పిచ్చుక. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ మేడలో ఎవరు లిఫ్టులో ఇరుక్కున్నా ఫోను ఆయనకే వస్తుంది. ఇంటికి వచ్చేసరికి చేతులకు గ్రీజు, మొహానికి నవ్వు ఉంటాయి. రెండూ సబ్బుకు లొంగవని అత్తగారు అంటుండేది.

ఆ అత్తగారు, అంటే టీచరు తల్లి, వాళ్లతోనే ఉండేది. అసలు కోటు కథలో సగం ఆవిడదే.

మొదట్లో కోటూ లేదు, రూలూ లేదు. భోజనాల బల్ల మీద పలకలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఎక్కం సగంలో ఉండగా పిచ్చుక వచ్చి ఒళ్లోకి ఎక్కేది. లాయరు భాగహారం మధ్యలో ఆకలేస్తోందనేవాడు. లెక్క తప్పైతే "నీకు నేనంటే ఇష్టం లేదు" అనేవాడు. రంగు పెన్సిళ్లు, అట్టలు, భూగోళం బంతి, మట్టిముద్దలు ఇల్లంతా పరుచుకుని ఉండేవి, ఒక్క పాఠమూ పూర్తయ్యేది కాదు. అమ్మమ్మ మంచం మీద కూర్చుని అంతా చూసి, "చదువు చారెడు, బలపాలు దోసెడు" అని నవ్వేది.

అప్పుడు తీసింది కోటు. రూలు కూడా అప్పుడే పుట్టింది. కోటు ఉన్నంతసేపూ "టీచర్" అనాలి, "మీరు" అనాలి. ఒళ్లోకి ఎక్కకూడదు. ఫిర్యాదులు చెప్పకూడదు. బల్ల దగ్గర ఏడవకూడదు. ఏడవాల్సి వస్తే అమ్మమ్మ గదికి వెళ్లి, అక్కడ కావలసినంత ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చోవాలి.

లాయరు వెంటనే లేచాడు. "అలా అయితే మరి అమ్మమ్మ గది బడిలోకి రాదా?"

"గడప దాటితే బడి లేదు," అంది టీచరు.

"అయితే గడప మీద కూర్చుంటే?"

"గడప మీద కూర్చుంటే నా కాలు తగులుతుంది," అంది అమ్మమ్మ లోపలినుంచి.

ఆ ఏర్పాటు ఎంత చక్కగా కుదిరిందంటే, పిల్లలు దాన్ని ఆటలా పట్టుకున్నారు. పిచ్చుకకు చేతిరాత కుదరకపోతే పెదవి వణుకుతుండగానే చెయ్యెత్తి, "టీచర్, ఏడవడానికి వెళ్లొచ్చా?" అని అడిగేది. "వెళ్లి రా" అంటే ఒకటే పరుగు. లోపల అమ్మమ్మ ఒడిలో రాగం తీసి, బిస్కెట్టు నములుతూ వచ్చి కూర్చునేది. మధ్యాహ్నం ఇంటికి వచ్చిన మెకానిక్కు కూడా గుమ్మంలో చేతులు కట్టుకుని, "టీచర్ గారూ, అన్నం ఉందాండీ?" అనేవాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ "ఇంకా బెల్లు కొట్టలేదు, బయట నిలబడండి" అనేది. "నా కూతురు ఆ కోటు తొడిగితే నాకే భయం వేస్తుందర్రా, లేచి నిలబడాలేమో అనిపిస్తుంది" అని అమ్మమ్మ వంత పాడేది.

కోటు వేసుకున్న కూతురు అంత గట్టిగా ఉండగలగడానికి కారణం, పక్కగదిలో మెత్తగా ఒక మనిషి ఉండటమే. ఇది అప్పట్లో ఎవరికీ తట్టలేదు. గోడ నిలబడి ఉన్నంతకాలం దాని అవతల ఏముందో ఎవరు చూస్తారు?

రూలుకు ఒక్క సవరణ వచ్చింది. అదీ అమ్మమ్మ చేసిందే. ఒకరోజు లాయరు బల్ల సొరుగు మూస్తూ వేలు నలగ్గొట్టుకుని "అమ్మా!" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. నొప్పి తగ్గీ తగ్గకముందే వాదన మొదలైంది. తను కోటు వేళలో అమ్మా అన్నాడు కాబట్టి రూలు తప్పాడా, లేదా? టీచరు తేల్చలేకపోయింది. కేసు అమ్మమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

ఆవిడ వాడి వేలు తడిగుడ్డలో చుడుతూ చాలా గంభీరంగా ఆలోచించింది. "ఒరేయ్, దొంగవాడి కాలికి రాయి తగిలినా అమ్మా అనే అంటాడు. నేను ఇంత ముసలిదాన్ని, మోకాలు పట్టేస్తే అమ్మా అనే అంటాను. మా అమ్మ వస్తుందనా? పోయి ఎన్నాళ్లయిందో. దెబ్బ తగిలినప్పుడు అనే అమ్మా ఎవర్నీ పిలిచేది కాదురా, దానంతటది వస్తుంది. దానికి మాఫీ."

"కోటు ఉన్నా?"

"కోటు ఉన్నా, కిరీటం ఉన్నా."

లాయరు బల్ల దగ్గరికి వచ్చి, "దెబ్బకి మాఫీ, తీర్పు వచ్చేసింది" అని ప్రకటించి లెక్క చేసుకున్నాడు.

ఆ అమ్మమ్మ వానాకాలం మొదట్లో పోయింది. జ్వరమన్నారు, ఊపిరితిత్తులన్నారు, ఆస్పత్రిలో చేర్పించారు. ఆవిడ అక్కడ కూడా నర్సుల మీద జోకులు వేసి, ఒక తెల్లవారుజామున జోకు మధ్యలో నిద్రపోయినట్టే వెళ్లిపోయింది. అందరూ వచ్చారు, అందరూ వెళ్లారు. వచ్చినవాళ్లంతా కూతురి మొహం చూశారు. కన్ను చెమ్మగిల్లలేదు. "గుండె దిటవు కలది" అన్నవాళ్లున్నారు, "ఏం మనిషో" అన్నవాళ్లూ ఉన్నారు. ఆమెకు రెండూ వినబడ్డాయి. ఏదీ తగల్లేదు. ఏడుపు వస్తుందని ఆమె కూడా ఎదురుచూసింది. స్టాపులో నిలబడి బస్సు కోసం చూసినట్టు చూసి, రాకపోతే నడుచుకుంటూ వచ్చేసింది.

ఇల్లు ఖాళీ అయిన మర్నాడు పొద్దున ఏం చేయాలో ఆమెకు తోచలేదు. వంటింట్లో నిలబడింది. తలుపు వెనక కోటు కనబడింది. తొడుక్కుని పై గుండీ పెట్టుకోగానే ఏం చేయాలో తెలిసిపోయింది. ముందు ఎక్కాలు, తర్వాత చేతిరాత, తర్వాత భూగోళం. కోటులో ఉన్న మనిషికి తల్లి పోలేదు. ఆ మనిషికి అసలు తల్లీ లేదు, పిల్లలూ లేరు, పాఠాలే ఉన్నాయి. అది ఎంత హాయిగా ఉందో చెప్పలేం. మధ్యాహ్నం కోటు తీద్దామని గుండీ మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది. భోజనాలు కోటుతోనే వడ్డించింది.

వారం తిరక్కముందే అమ్మమ్మ గది సైన్సు గది అయింది.

"అంత తొందరేముందే?" అన్నాడు మెకానిక్కు, మంచం విప్పమంటే.

"తొందరేం లేదండి. ఖాళీగా ఉంది కదా. పిల్లలకి ప్రయోగాలకి చోటు లేదు."

ఆయన మంచం విప్పి కింద సామాన్ల గదిలో పెట్టాడు. మంచం ఉన్నచోట ఇనప కాళ్ల బల్ల ఒకటి వేశారు. దాని మీద గాజు సీసాలు, భూతద్దం, అయస్కాంతాలు, చిక్కుడు గింజలు నానబోసిన పళ్లేలు పెట్టారు. వెలుతురులో మొలకలు ఎలా వస్తాయి, చీకట్లో ఎలా వస్తాయి అన్నది కొత్త ప్రయోగం. ఒక పళ్లెం వంటింటి కిటికీలో పెట్టి, రెండోది ఆ గదిలో ఉంచి, కిటికీకి నల్లకాగితం అంటించి తలుపు మూసేశారు. తలుపు తెరవకూడదని టీచరు చెప్పింది. అలా ఆ గడప కూడా బడిలో కలిసిపోయింది. ఏడవడానికి ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అప్పట్నుంచి కోటు మేకెక్కలేదు. కూరలు తేవడానికి కోటు, బట్టలు ఆరేయడానికి కోటు, పిల్లల్ని బొమ్మల క్లాసుకీ, ఈతకీ, స్కేటింగుకీ తీసుకెళ్లడానికి కోటు. మొదట్లో ఆ క్లాసుల్లో ఆమె టీచరు కాదు. అక్కడ వేరే మాస్టర్లుంటారు కాబట్టి అక్కడ నువ్వు అమ్మవేనని లాయరు వాదించి గెలిచాడు. ఇప్పుడు వాడు ఆ సంగతి ఎత్తలేదు. పిల్లలు కోటును చూస్తారు, "టీచర్" అంటారు. రాత్రి అన్నం దగ్గర కూడా "టీచర్, కొంచెం పెరుగు వేస్తారా?" అంటారు. మొదటి రెండు మూడుసార్లు అందులో ఆట ఉంది. తర్వాత ఆట పోయి మాట మిగిలింది.

ఆమెకు అదేమీ వింతగా అనిపించలేదు. ఏదీ వింతగా అనిపించడం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా నాలుకకు ఒకటే. పక్కింటి పెళ్లి బాజాలూ, కింది వాటా పోట్లాటా నీళ్లల్లో మునిగి విన్నట్టు వినబడేవి. పనులు మాత్రం ఒక్కటీ ఆగలేదు. ఆ ఇంట్లో అంత చక్కగా పాఠాలు మునుపెన్నడూ సాగలేదు. లాయరుకు దశాంశాలు వచ్చేశాయి. పిచ్చుక రాత గుండ్రంగా తిరిగింది. ఏడ్చేవాళ్లు లేరు, ఒళ్లోకి ఎక్కేవాళ్లు లేరు. ఏ బడి పెద్దయినా వచ్చి చూస్తే మెచ్చుకుని మెడల్ ఇచ్చి పోయేవాడు.

ఒకరోజు పిచ్చుక వంటింట్లోకి వచ్చి నిలబడింది. అరచేతిలో చిన్న పన్ను. నోట్లో చిగురు మీద రక్తం చుక్క. అది ఊడిన మొదటి పన్ను.

"టీచర్," అంది.

ఆమె పన్ను తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. "పాలపన్ను. దీనికి వేరు ఎందుకు లేదో తెలుసా? కింద వస్తున్న కొత్త పన్ను దీని వేరును కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది. అందుకే ఊడుతుంది. ఏం చేస్తుంది?"

"కరిగిస్తుంది."

"గుడ్. నోరు పుక్కిలించు."

పిచ్చుక పన్ను వెనక్కి తీసుకుంది. పన్ను పట్టుకుని మూసి ఉన్న సైన్సు గది తలుపు దాకా వెళ్లింది. తలుపు మీద చెయ్యి పెట్టలేదు. మళ్లీ వచ్చి నోరు పుక్కిలించింది. ఆ పన్ను సాయంత్రం సీసాలో వేసి చీటీ అంటించారు.

అది చూసిన మెకానిక్కు ఆ రాత్రి భార్యతో, "ఇంట్లో కూడా కోటెందుకే?" అన్నాడు.

"జేబులున్నాయి కదండీ. సుద్దముక్క, తాళాలు, అన్నీ ఇందులోనే పడుంటాయి."

"నీకు ఏడవాలనిపిస్తే ఏడువు. నేనేం అనుకోను."

"అనిపించడం లేదండి," అంది ఆమె. అది అబద్ధం కాదు. "ఏం అనిపించడం లేదు."

ఆయన గ్రీజు చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లలో అరిచేవాళ్లతో నాకు భయం లేదే. పిలిచినా పలక్కుండా ఉంటారే కొందరు, వాళ్లంటేనే భయం." ఆమె "ఊ" అని దీపం తీసేసింది. ఆయన చెప్పింది లిఫ్టుల గురించే అనుకుంది.

స్కేటింగు నేర్పేది పాత గోడౌనులో. నున్నటి సిమెంటు నేల, చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, పైన రేకులు. గోడ పక్కన బెంచీల మీద తల్లులు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. మధ్యలో పిల్లలు గిర్రున తిరుగుతూ పడుతూ లేస్తూ ఉంటారు. పడ్డ ప్రతివాడూ "అమ్మా" అంటాడు. ఆ మాట ఆ గోడౌనులో ఎన్నిసార్లు వినబడుతుందంటే, బెంచీల మీద తల్లులు తల కూడా తిప్పరు. గొంతును బట్టి తమదా కాదా అని తెలిసిపోతుంది. ఆమె కూడా ఎప్పటిలాగే బెంచీ చివర కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

పిచ్చుక మలుపు దగ్గర వేగం తగ్గించబోయింది. ఎదురుగా ఒక లావుపాటి పిల్లాడు అడ్డం వచ్చాడు. అది తప్పించుకుని పిట్టగోడ అంచుకు గడ్డం కొట్టుకుని వెల్లకిలా పడింది.

"టీచర్!"

ఆ కేకకు బెంచీలన్నీ తిరిగాయి. అక్కడ ఎవరూ పడ్డప్పుడు అనని మాట అది. కోచ్ ఈల వేసి అందర్నీ ఆపాడు. పిచ్చుక గడ్డం చీలి రక్తం కారుతోంది. కళ్లు పెద్దవి చేసుకుని, పెదవులు బిగబట్టుకుని, మళ్లీ "టీచర్" అంది ఈసారి మెల్లగా.

ఆమె అప్పటికే పరుగెత్తుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. జేబురుమాలుతో గడ్డం అదిమిపట్టింది. చేతులు ఏం చేయాలో అవే చేస్తున్నాయి. వెనకనుంచి కొత్తావిడ ఒకరు వంగి చూసి, "అయ్యయ్యో, కుట్లు పడతాయేమో. టీచర్ గారూ, ముందు ఈ పాప వాళ్లమ్మకి కబురు చెప్పండి, పాపం" అంది.

"చెప్తాను," అంది ఆమె.

అనేసింది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు కాసేపటిగ్గానీ తెలియలేదు. ఎవరికి చెప్పాలి? ఇన్నాళ్లూ పిల్లలకు ఏ దెబ్బ తగిలినా ఇంటికి ఫోను చేసి "అమ్మా, వేణ్నీళ్లు పెట్టి ఉంచు" అనేది. ఇప్పుడు ఇంట్లో ఫోనెత్తేవాళ్లు లేరు. ఇక్కడ ఈ పాపకు కూడా ఎవరూ లేరు. పక్కటెముకల కింద ఎక్కడో ఒకటి కదిలింది. నొప్పి కూడా కాదది, నొప్పి వస్తుందని ముందే తెలిసినట్టుంది.

లాయరు స్కేట్ల మీదే జారుతూ వచ్చి చెల్లెలి పక్కన చతికిలబడ్డాడు. వాడి మొహం తెల్లబోయి ఉంది. ఉన్నా వాదన మానలేదు. "ఏయ్ పిచ్చుకా, దెబ్బకి టీచర్ అనక్కర్లేదే. మాఫీ ఉందిగా. అమ్మమ్మ తీర్పు చెప్పింది కదా, మర్చిపోయావా?"

పిచ్చుక గడ్డం కదలకుండా పళ్ల సందులోంచి అంది, "అమ్మమ్మ లేదుగా. మాఫీ కూడా పోయిందనుకున్నా."

లాయరు చెల్లెలి కాళ్లకున్న స్కేట్లు విప్పడం మొదలుపెట్టాడు.

వీధి చివర క్లినిక్కులో డాక్టరు గాయం కడిగి, మూడు కుట్లు వేయాలన్నాడు. సూది చూసి పిచ్చుక ఒళ్లంతా బిగుసుకుపోయింది. కంటినిండా నీళ్లున్నాయి, ఒక్కటీ కిందికి దిగలేదు. అలవాటుగా ఒక చెయ్యి పైకెత్తింది.

"టీచర్, ఏడవొచ్చా?"

డాక్టరు సూది ఆపి నవ్వాడు. "ఇదేం బడమ్మా, ఏడవడానికి కూడా పర్మిషనా?"

ఆమె నోరు తెరిచింది. అందులోంచి పాత రూలే వచ్చింది. "ఇంటికెళ్లాక."

పిచ్చుక తలూపింది. కుట్లు పడుతున్నంతసేపూ ఆమె వేలిని పట్టుకుని, పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తూ పడుకుంది. ఒక్క శబ్దం చెయ్యలేదు. "గట్టి పిల్ల," అన్నాడు డాక్టరు కట్టు కడుతూ. అమ్మ పోయినప్పుడు తన గురించి జనం అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. దిటవు కలది. ఆరేళ్ల పిల్ల గడ్డానికి మూడు కుట్లు పడుతుంటే ఫ్యాను చూడటం ఎక్కడ నేర్చుకుంది? ఎవరు నేర్పారు? ఇంటి టీచరు నేర్పింది. ఏ పాఠమూ ఇంత బాగా రాలేదు ఆ పిల్లకి. ఆమెకు ఆ క్షణాన తన మీద తనకు అసహ్యం వేసింది. ఎన్నాళ్లకో ఆమెకు ఏదో ఒకటి అనిపించింది, అనిపించింది మాత్రం అదీ.

రిక్షా ఎక్కి ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వంటింట్లో ఉంది. లాయరు స్కేట్ల సంచి మూలన పెట్టాడు. ఆమె మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో వెనక్కి తిరిగేసరికి పిచ్చుక కనబడలేదు.

సైన్సు గది ముందు నిలబడి ఉంది. మూసి ఉన్న తలుపుకు ఎదురుగా, చేతులు కట్టుకుని, వరసలో తన వంతు వచ్చేదాకా ఆగిన పిల్లలా నిలబడి ఉంది. గడ్డానికి తెల్లటి కట్టు, గౌను మీద ఎండిన రక్తం. పెదవి మాత్రం వణుకుతోంది.

"టీచర్, ఇల్లొచ్చింది. ఇప్పుడు వెళ్లొచ్చా?"

గ్లాసు ఎక్కడ పెట్టిందో ఆమెకు తెలియదు. వచ్చి తలుపు తోసింది. లోపల కారుచీకటి. చిక్కుడు మొలకల పచ్చివాసన, తడి దూది వాసన, వాటికింద ఎక్కడో ఇంకా ఆవిడ పూసుకునే మోకాళ్ల నూనె వాసన. పిల్లని రెక్క పట్టుకుని లోపలికి నడిపించింది. ఆ గదిలో ఆమె పాదాలు చీకట్లో కూడా దారి ఎరిగినవే. చిన్నతనంనుంచీ ఏ ఇంట్లోనైనా తల్లి మంచం దగ్గరికి వెళ్లడం తెలిసిన పాదాలు. గోడవారగా నాలుగడుగులు వేస్తే మంచం వస్తుంది, మంచం మీద కూర్చోవచ్చు అనుకుని ధీమాగా అడుగు వేసింది. మంచం లేదు. ఇనప బల్ల కాలికి చిటికెనవేలు ఠప్పున కొట్టుకుంది.

"అమ్మా!"

ఇన్నాళ్లూ ఆ మాట ఆమె నోట రాలేదు. ఆస్పత్రిలో రాలేదు, జనం ముందు రాలేదు. దెబ్బకి అనే అమ్మా ఎవర్నీ పిలిచేది కాదని తీర్పు చెప్పిన మనిషి, ఆ తీర్పు చెప్పిన చోటే లేదు. వేలు పట్టుకుని నేల మీద కూలబడింది. పైన బల్ల మీద సీసాలు ఇంకా కదులుతున్న చప్పుడు. అది ఆగాక మళ్లీ అంది, మెల్లగా, అవతలి గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

"అమ్మా."

మొదటిది దెబ్బకి వచ్చింది. రెండోది దెబ్బకి కాదు. ఎవరూ పలకలేదు. అప్పుడొచ్చింది ఏడుపు, వరసలో ఎన్నాళ్లుగానో వెనక నిలబడ్డదంతా ఒక్కసారే తోసుకుంటూ. బొంగురుగా, ముక్కుతో, నోటితో, ఇంటి టీచరు అన్న పేరుకు ఏమాత్రం తగని ఏడుపు. అది విని భయపడ్డ పిచ్చుక తనూ అందుకుంది. కుట్లు లాగుతుంటే ఆపి, మళ్లీ మొదలుపెట్టి, రాగం తీసి ఏడ్చింది.

గుమ్మంలో లాయరు నిలబడ్డాడు. వాడి వెనక వెలుతురు బద్దలా గదిలోకి పడింది. లోపలికి వచ్చి తలుపు జాగ్రత్తగా మూశాడు. "గింజలకి వెలుతురు తగలకూడదుగా," అన్నాడు. తడుముకుంటూ వచ్చి తల్లి వీపుకు ఆనుకుని కూర్చున్నాడు.

చీకట్లో చిన్నచేయి ఒకటి ఆమె మోకాలిని, పాదాన్ని వెతుక్కుంటూ వచ్చింది. కోటు ఇంకా ఒంటిమీదే ఉంది. పై గుండీ పెట్టే ఉంది.

"ఏ వేలమ్మా?" అంది పిచ్చుక ముక్కు ఎగబీలుస్తూ. "నీకు గట్టిగా తగిలిందా? ఇలా ఇవ్వు, ఊదుతాను."